అప్‌గ్రేడ్ తర్వాత సైటుకు డేటాబేస్ అందడం లేదా? ముందు ఎర్రర్ నంబరు చూడండి

సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్‌నో (డేటాబేస్ సర్వర్) పీహెచ్‌పీనో (వర్డ్‌ప్రెస్‌ను నడిపే భాష) కొత్త వెర్షన్‌కు మార్చగానే వర్డ్‌ప్రెస్ సైటు ‘ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. చాలామంది వెంటనే పాస్‌వర్డ్ మార్చేస్తారు. తొందరపడొద్దు. అసలు తప్పు దొరక్కముందే ఇంకో తప్పు తోడవుతుంది.

1. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలుకు ఒక కాపీ తీసుకోండి. ఫైల్లో డబ్ల్యూపీ_డీబగ్, డబ్ల్యూపీ_డీబగ్_లాగ్ రెండింటినీ ట్రూ చేయండి. డబ్ల్యూపీ_డీబగ్_డిస్‌ప్లే మాత్రం ఫాల్స్‌లో ఉంచండి. పేజీ రీఫ్రెష్ చేసి, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ తెరవండి. అందులో నాలుగంకెల నంబరు కనిపిస్తుంది. ఇక పనంతా దాన్నిబట్టే.

2. నంబరు 2002 అయితే డేటాబేస్ సర్వర్ లేవలేదేమో చూడండి. మైఎస్‌క్యూఎల్ 8.0కు మారినప్పుడు తరచూ జరిగేది ఇదే: ఆ వెర్షన్‌లో క్వెరీ క్యాష్‌ను (పాత ఫలితాలను దాచిపెట్టే సదుపాయం) పూర్తిగా తీసేశారు. పాత మై డాట్ సీఎన్‌ఎఫ్‌లో (మైఎస్‌క్యూఎల్ సెట్టింగుల ఫైలు) ‘క్వెరీ_క్యాష్_సైజ్’ అన్న ఒక్క లైను మిగిలినా సర్వర్ ‘అన్‌నోన్ వేరియబుల్’ అని ఎర్రర్ లాగ్‌లో రాసి ఆగిపోతుంది. ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. డిస్క్ నిండిందేమో కూడా చూడండి.

సర్వర్ నడుస్తూనే 2002 వస్తే, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని డీబీ_హోస్ట్‌లో లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 పెట్టి చూడండి. లోకల్‌హోస్ట్ అంటే పీహెచ్‌పీ సాకెట్ ఫైలు (అదే సర్వర్‌లోని డేటాబేస్‌కు దారి) వెతుకుతుంది; అంకెలు ఇస్తే 3306 పోర్టు ద్వారా వెళ్తుంది. అలా పనిచేస్తే సాకెట్ దారి మారిందన్నమాట.

3. నంబరు 2054 అయితే చిక్కు పీహెచ్‌పీ పాతది కావడంలో ఉంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త యూజర్లకు పాస్‌వర్డ్ సరిచూడటానికి క్యాషింగ్_ఎస్‌హెచ్‌ఏ2_పాస్‌వర్డ్ పద్ధతే డిఫాల్ట్; పాత పీహెచ్‌పీకి అది తెలియదు. పీహెచ్‌పీని 7.4కో, ఆపై వెర్షన్‌కో మార్చండి.

4. నంబరు 1524 దీనికి తిరగబడ్డ కేసు. పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతిని మైఎస్‌క్యూఎల్ 8.4లో డిఫాల్ట్‌గా ఆపేశారు, 9.0లో తీసేశారు. రూట్‌గా లాగినై, ఆల్టర్ యూజర్ కమాండ్‌తో సైటు యూజర్‌ను కొత్త పద్ధతికి మార్చండి. పాస్‌వర్డ్ పాతదే ఇవ్వొచ్చు.

5. 1045 (లాగిన్‌ను సర్వర్ తిరస్కరించింది) వస్తే అప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్ సరిచూడండి.

నంబరేమీ లేకుండా మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్ లేదని వస్తే, కొత్త పీహెచ్‌పీతో ఆ ప్యాకేజీ దిగలేదు. ఉబుంటులో పీహెచ్‌పీ 8.3కైతే ‘పీహెచ్‌పీ8.3-మైఎస్‌క్యూఎల్’ వేసి ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీసు) రీస్టార్ట్ చేస్తే చాలు.

సైటు తెరుచుకున్నాక డీబగ్‌ను ఫాల్స్ చేసి, లాగ్ ఫైలు చెరిపేయండి. అడ్రస్ తెలిస్తే దాన్ని బ్రౌజర్లో ఎవరైనా చదివేయగలరు.