లంకల్లోకి వెళ్లే ముందు: ఫోనులో పటం సరిచూసుకోండి

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ తర్వాత ఏ క్షణమైనా కరెంటు, సిగ్నలు పోవచ్చు. లంకలకు, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్లకు, వరద సాయానికి బయలుదేరేవారు ముందురోజు రాత్రే ఇవి చూసుకోవాలి.

• నెట్ లేకున్నా పటం చూపే యాప్ ఒకటి, ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ పెట్టుకుని, ఆంధ్రప్రదేశ్ పటాన్ని వైఫై ఉన్నచోటే దించుకోండి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కనుక ఆ ముక్క వచ్చిందో లేదో వేలితో జరిపి చూడండి.

• ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి డాబా మీదికి వెళ్లండి. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు, కానీ నెట్ లేకపోతే మీరున్న చోటు చూపే చుక్క మొదటిసారి కనబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ ఓపిక రేవులో ఉండదు, ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

• ఈ రెండు పటాల యాప్‌లకూ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అంటే జనమే కలిసి గీసే ఉచిత పటం. దానికి దారి తెలుసు, నీరు తెలియదు. కాజ్‌వే (నీటిని దాటే తక్కువ ఎత్తు రోడ్డు) మీద నడుములోతు ప్రవాహం ఉన్నా తెర మీద అది చక్కని రోడ్డే. పైగా గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ ఒడ్లను కోసేస్తుంటాయి. నిరుడు గీసిన గట్టు ఈ ఏడు ఉండకపోవచ్చు. కాబట్టి పడవ నడిపే ఆయనను అడిగి, పడవ ఆగే రేవులను, ఎత్తైన మెరకలను ముందే పటంలో గుర్తు పెట్టుకోండి. ఆయన మాటకూ పటానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

• వివరాలు ఫోనులోనే నింపుకునే యాప్ ఓడీకే కలెక్ట్‌లో ఖాళీ ఫారాలు ముందే దించుకోండి. నింపినవి పంపేదాకా ఫోనులోనే ఉంటాయి, యాప్ తీసేయకండి.

• పవర్ బ్యాంకు, జిప్ కవరు, ఒక కాగితం పటం.

• బాలింతలు, మంచాన పడ్డవారు ఉన్న ఇళ్ల వివరాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించకండి. అది అందరికీ కనిపిస్తుంది.