విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ప్రింట్ పోర్ట్‌ఫోలియో చేయడం ఎలా?

చిత్రకళా విభాగంలో చదువుతున్నవాళ్లూ, చదివి వెళ్లినవాళ్లూ కలిసి ఏదైనా చేద్దామనుకోగానే ముందుగా తట్టేది గ్రూప్ షో. దానికి హాలు దొరకాలి, పెద్ద క్యాన్వాసులు మోయాలి, దూరాన ఉన్నవాళ్లు రాలేకపోతారు. పైగా పేరు తెచ్చుకున్న సీనియర్ బొమ్మ ఎదురు గోడకీ, రెండో ఏడాది విద్యార్థి బొమ్మ తలుపు వెనక్కీ చేరతాయి. ప్రింట్ పోర్ట్‌ఫోలియోలో ఈ ఇబ్బందులు ఉండవు. చెక్కనో, లినోలియం ముక్కనో, లోహపు పలకనో చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మల పెట్టె అది. అందరూ ఒకే సైజు కాగితం మీద, ఒకే సంఖ్యలో అచ్చులు తీస్తారు. వాటిని సెట్లుగా పేర్చి పెట్టెల్లో పెడతారు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ అందరి బొమ్మలూ ఉన్న పెట్టె ఒకటి దక్కుతుంది.

విద్యార్థులకు ఇది పాత అలవాటే. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు డీ బ్రూకె అనే బృందం పెట్టుకున్నారు. తమకు చందా కట్టి అండగా నిలిచినవాళ్లకు 1906 నుంచి ఏటా ఒక పోర్ట్‌ఫోలియో పంపారు. మొదటిదాంట్లో ఉన్నవి మూడే ప్రింట్లు. 1923లో వైమార్‌లో బౌహౌస్ అనే కళా పాఠశాల తన పెద్ద ప్రదర్శన కోసం, రాతి మీద గీసి అచ్చు తీసే లితోగ్రాఫ్ పోస్ట్‌కార్డులు వేసింది. వాటిలో క్లే, కాండిన్‌స్కీ లాంటి గురువుల కార్డులూ, విద్యార్థుల కార్డులూ ఒకే సైజులో ఒకే వరుసలో ఉన్నాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ సమానత్వమే. ఏ నిర్ణయం దగ్గర సందేహం వచ్చినా దాన్నే గుర్తు చేసుకోండి.

1. మనుషులు ఖాయమయ్యాకే లెక్క వేయండి

పదిమంది విద్యార్థులు, పదిమంది పూర్వ విద్యార్థులు మొదటిసారికి చక్కగా సరిపోతారు. అంతకు మించితే పెట్టె బరువూ పెరుగుతుంది, ఉత్తరాలు రాసేవాళ్ల మీద భారమూ పెరుగుతుంది. పూర్వ విద్యార్థులను ఎంచేటప్పుడు గ్యాలరీల్లో వెలుగుతున్నవాళ్లనే పిలవకండి. బడిలో డ్రాయింగ్ చెబుతున్నవాళ్లు, యానిమేషన్‌లోకి వెళ్లినవాళ్లు, చదువు అయ్యాక కుంచె పక్కన పెట్టేసినవాళ్లు కూడా ఉండాలి. మళ్లీ పని మొదలుపెట్టడానికి ఒక సాకు కోసం ఎదురుచూసేవాళ్లు ఎంతమంది ఉంటారో పిలిస్తేగానీ తెలియదు.

ఒప్పుకున్నవాళ్ల పేర్లు ఒక తేదీకి ఖాయం చేయండి. ఎడిషన్ సంఖ్య, అంటే ఒక్కో బొమ్మకు ఎన్ని అచ్చులో, ఆ తర్వాతే ప్రకటించాలి. 20 మంది అనుకుందాం. వాళ్లకు 20 సెట్లు, విభాగానికి ఒకటి, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒకటి, ప్రదర్శనకు ఒకటి, మొత్తం 23. ప్రతి కళాకారుడూ 23 మంచి అచ్చులు ఇవ్వాలి. వీటికి అదనంగా ఎడిషన్‌లో పదో వంతు దాకా, అంటే రెండు, ఆర్టిస్ట్ ప్రూఫులుగా తన దగ్గర ఉంచుకోవడం వాడుక. చెడిపోయేవాటికి ఇంకో మూడు కలిపితే 28 కాగితాలు.

మధ్యలో ఒకరిద్దరు తప్పుకోవడం మామూలే. వాళ్ల స్థానంలో రావడానికి ఇద్దరిని ముందే అడిగి ఉంచండి.

2. కాగితం ఒకటే, బొమ్మ ఎవరిష్టం వాళ్లది

కాగితం సైజు విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి. ప్రింట్‌మేకింగ్ కాగితం ఎక్కువగా 56 × 76 సెంటీమీటర్ల షీట్లలో వస్తుంది. దాన్ని నాలుగు చేస్తే ఒక్కోటి 28 × 38 అవుతుంది, ముక్క కూడా వృథా కాదు. అప్పుడు ఒక్కొక్కరి 28 కాగితాలకు సరిగ్గా 7 షీట్లు, 20 మందికి 140 షీట్లు. అన్నీ ఒకేసారి తెప్పించి, విభాగంలోనే కోసి, అందరికీ పంపండి. ఎవరి కాగితం వాళ్లు కొనుక్కుంటే తెలుపులోనూ మందంలోనూ తేడాలు వచ్చి, పెట్టె తెరవగానే అతుకుల బొంతలా కనిపిస్తుంది.

పూర్తిగా పత్తి పీచుతో చేసిన, ఆమ్లం లేని 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం, పలక మీది గీతలను ఆమ్లంతో కొరికించి అచ్చు తీసే ఎచింగ్‌కు బాగుంటుంది. చిక్కు వచ్చేది ఇంట్లో ప్రెస్ (అచ్చు యంత్రం) లేకుండా చేత్తో రుద్ది అచ్చు తీసేవాళ్లకు. అంత మందమైన కాగితం మీద చెంచాతో ఎంత రుద్దినా నలుపు నిండుగా దిగదు. వాళ్లకు పల్చటి మల్బరీ కాగితం ఇచ్చి, తర్వాత దాన్ని అదే మందపాటి షీటు మీద పైఅంచున అంటించమనండి.

బొమ్మ ఎంత ఉండాలో మీరు చెప్పనక్కర్లేదు. అడుగున రెండు సెంటీమీటర్లు మాత్రం వదలమనండి, సంతకానికి.

3. అంశం చిన్నదిగా పెట్టండి

‘ప్రకృతి’, ‘కాలం’, ‘అస్తిత్వం’ లాంటి పెద్ద మాటలు ఇస్తే అందరూ ఇంతకుముందు వేసినవే మళ్లీ వేస్తారు. ‘స్టూడియోలో ఒక మూల’, ‘నాకు నేర్పిన చేయి’, ‘పూర్తికాని పని’ లాంటివి ఇచ్చి చూడండి. ఇరవై ఏళ్ల కిందట చదివినవాళ్ల స్టూడియో మూలా, నిన్న చేరినవాళ్ల మూలా ఒకే పెట్టెలో పక్కపక్కన పడితే, విభాగం చరిత్ర ఎవరూ రాయకుండానే కాగితం మీదికి వస్తుంది.

4. జంటలు కట్టండి

ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. దీనికి ఎక్కువ సమయం పెట్టండి.

పూర్వ విద్యార్థుల్లో చాలామందికి ఇప్పుడు ప్రెస్ అందుబాటులో ఉండదు. విద్యార్థులకు ప్రెస్ ఉంటుంది కానీ, 23 అచ్చులు ఒకేలా తీసిన అనుభవం ఉండదు. క్లాసు పనికి నాలుగైదు అచ్చులు తీస్తే సరిపోతుంది. అచ్చులు పెరిగేకొద్దీ ఇంకు కాస్త బిగుసుకుంటుంది, పలక తుడిచే చేయి అలసిపోతుంది, పదో అచ్చులో ఉన్న వెలుగు పద్దెనిమిదో అచ్చులో ఉండదు. ఒకరి లోటు ఇంకొకరు తీర్చేలా ప్రతి పూర్వ విద్యార్థికీ ఒక విద్యార్థిని జత చేయండి.

సీనియర్ తన చెక్క దిమ్మనో, లినోనో, రాగి పలకనో చెక్కి పంపుతారు. దాంతోపాటు తనకు నచ్చిన ఒక అచ్చును నమూనాగా పంపాలి. ఎడిషన్ అంతటికీ అదే కొలబద్ద. ప్రెస్ దొరకనివాళ్లకు ఆ నమూనా విద్యార్థే తీస్తారు. మొదటి మూడు నాలుగు ప్రూఫులు (సరిచూసుకునే అచ్చులు) తీసి సీనియర్‌కు పంపితే, ‘ఇక్కడ ఇంకు తగ్గించు, ఆకాశం ఇంకాస్త తుడువు, ఒత్తిడి పెంచు’ అని వాటి మీదే పెన్సిల్‌తో రాసి తిప్పి పంపుతారు. వీడియో కాల్‌లోనూ చూపించవచ్చు, అయితే నలుపు లోతు తెర మీద తెలియదు, కాగితం చేతికి అందాల్సిందే. ఇలా రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగిన ప్రూఫులు నేర్పే పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు. వాటిని పారేయకండి, ప్రదర్శనలో వాటికి పని ఉంది.

అచ్చు తీసిన విద్యార్థి పేరు ‘ముద్రణ’ అని తప్పనిసరిగా నమోదు కావాలి, ఒక ప్రింటర్ ప్రూఫ్ కూడా వాళ్లకు ఇవ్వాలి. ఇందుకు ఇంకో కాగితం కలపండి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, వాళ్ల శ్రమకు దక్కాల్సిన హక్కు.

రెండో వైపూ జరగాలి. విద్యార్థి సొంత బొమ్మ స్కెచ్ దశలో ఉన్నప్పుడే సీనియర్ ఒకసారి చూసి మాట్లాడాలి. సరిదిద్దడం వద్దు, ప్రశ్నలు అడిగితే చాలు.

చదువుకునేవాళ్లూ చేయి తిరిగినవాళ్లూ ఒకే ప్రెస్ దగ్గర నిలబడటం ప్రింట్‌మేకింగ్‌ను ఎంత ముందుకు నడిపిందో చెప్పడానికి, 1927లో పారిస్‌లో ప్రింట్‌మేకర్ విలియం హేటర్ మొదలుపెట్టిన స్టూడియో ఉంది. తర్వాత ఆటెలియే 17గా పేరు పొందిన అక్కడ చిత్రకారులు మీరో, మాక్స్ ఎర్న్‌స్ట్ లాంటివాళ్లు పని చేశారు. శాంతినికేతన్‌లో చదివిన మన కృష్ణారెడ్డి అక్కడే ఒక పలక మీద వేర్వేరు లోతుల్లో, వేర్వేరు చిక్కదనమున్న ఇంకులు పూసి, అన్ని రంగులనూ ఒకే అచ్చులో తెచ్చే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఒకరయ్యారు.

5. ఏ పద్ధతికి ఏ జాగ్రత్త

లినోను దశలవారీగా చెక్కుతూ, ఒకే ముక్కతో రంగు మీద రంగు వేసేవాళ్లు మొదటి రంగుకే కనీసం 35 కాగితాలు ఎక్కించాలి. రెండో రంగుకు చెక్కాక వెనక్కి వెళ్లే దారి ఉండదు, ప్రతి రంగుకూ రెండు మూడు చెడతాయి. వీళ్లకు రెండు షీట్లు ఎక్కువ ఇవ్వండి.

ఆమ్లం లేకుండా సూదితో నేరుగా పలక మీద గీసే డ్రైపాయింట్ వేసేవాళ్లను ముందే హెచ్చరించండి. సూది గీత పక్కన లేచే గరుకు అంచు, అంటే బర్ వల్లే ఆ మెత్తటి నలుపు వస్తుంది. ప్రెస్ కిందికి వెళ్లిన ప్రతిసారీ అది నలుగుతుంది. ప్లాస్టిక్, అల్యూమినియం పలకల మీద మరీ త్వరగా పోతుంది. 23 నిండాలంటే రాగి వాడాలి, పలకను మృదువుగా తుడవాలి.

పలక మీద ఇంకుతో బొమ్మ వేసి ఒక్కసారే అచ్చు తీసే మోనోటైప్ దేనికదే వేరు కాబట్టి ఇందులో ఇమడదు. డిజిటల్ ప్రింట్లు ఉండాలా వద్దా అన్నది మొదటి ఉత్తరంలోనే తేల్చండి, సగం దారిలో ఆ వాదన మొదలైతే మనసులు నొచ్చుకుంటాయి. నా మట్టుకు, పిగ్మెంట్ ఇంకుతో అదే కాగితం మీద తీస్తే అభ్యంతరం లేదు.

ఇంట్లో ఆమ్లంతో ఎచింగ్ చేయవద్దని పూర్వ విద్యార్థులకు గట్టిగా చెప్పండి. నైట్రిక్ ఆమ్లం పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. ఎచింగే కావాలంటే పలక సిద్ధం చేసి పంపమనండి. విభాగంలో గాలి బాగా ఆడే చోట ఫెర్రిక్ క్లోరైడ్‌లో కొరికించవచ్చు. చేతికి తొడుగులు, కళ్లద్దాలు దానికీ తప్పవు. నూనె ఇంకును శుభ్రం చేయడానికి సాల్వెంట్ బదులు ముందు వంటనూనె, ఆ తర్వాత సబ్బునీళ్లు చాలావరకు సరిపోతాయి.

6. ఆరబెట్టడం, సంతకం

నూనె ఇంకు పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. కనీసం వారం, నలుపు దట్టంగా ఉంటే అంతకు రెట్టింపు ఆరనివ్వండి. తెల్ల కాగితంతో మెల్లగా ఒత్తి చూస్తే మరక పడకూడదు. గడువు తేదీలో ఈ రోజులు కలిపి చెప్పండి, లేకపోతే తడి అచ్చులు వచ్చి ఒకదానికొకటి అంటుకుంటాయి.

సంతకం పెన్సిల్‌తోనే. పెన్ను ఇంకు వెలిసిపోవచ్చు, కాగితంలోకి ఇంకవచ్చు. బొమ్మ కింద ఎడమవైపు 5/23 అని సంఖ్య, మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం. ఒక పెట్టెలో అన్నీ ఒకే సంఖ్యవి ఉండేలా, అంటే అయిదో పెట్టెలో అన్నీ 5/23లే ఉండేలా పేర్చితే, తర్వాత ఏదైనా విడిపోయినా దాని చోటు ఇట్టే తెలుస్తుంది.

పోస్టులో పంపేవాళ్లు అచ్చులను చుట్టకూడదు. మధ్య మధ్య నున్నటి పల్చటి గ్లాసిన్ కాగితం పెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, రెండు ముడతల అట్టల మధ్య ఉంచాలి. ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా ఉంటే పార్సిల్ ఎటూ వంగదు.

7. పేర్చడం, పెట్టె

పొడవాటి బల్లల మీద 20 దొంతరలు వరుసగా పెట్టండి. చేతులు కడిగి తుడుచుకుని, ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ సెట్టు పూర్తి చేస్తారు. వీలైన పూర్వ విద్యార్థులందరూ ఆ రోజు రావాలి. పెట్టెలో బొమ్మల క్రమం చీటీలు తీసి నిర్ణయించండి. వయసు ప్రకారం, పేరు ప్రతిష్ఠల ప్రకారం వద్దు.

పెట్టె లోపలి కొలత 29 × 39 సెంటీమీటర్లు, ఆమ్లం లేని అట్ట, పైన బైండింగ్ గుడ్డ. అంత పని కుదరకపోతే నాలుగు వైపులా మడతలున్న ఫోల్డర్ అయినా చాలు. పైన ఒక వివరాల పత్రం తప్పకుండా ఉండాలి. కళాకారుల పేర్లు, చదువు ముగిసిన సంవత్సరం, పద్ధతి, ముద్రించినవాళ్లు, కాగితం, ఎడిషన్ సంఖ్య, సంవత్సరం అందులో రాయండి.

హక్కుల గురించి ఒక పేజీ ఒప్పందం అందరితో మొదట్లోనే సంతకం చేయించండి. కాపీరైట్ కళాకారుడిదే. విభాగం ప్రదర్శించుకోవచ్చు, పేరు వేసి ఫొటోలు వాడుకోవచ్చు. ఆ పలకతో ఇదే బొమ్మను ఇంకో ఎడిషన్‌గా వేయకూడదు.

8. చూపించడం, దాచడం

ప్రదర్శన సెట్టును ఫ్రేముల్లో పెట్టండి, గాజుకు అచ్చు తగలకుండా చుట్టూ అట్టతో మౌంటు వేయండి. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటే చాలామంది కళ్లకు సరిపోతుంది. కాగితం మీది పనులకు 50 లక్స్‌కు (వెలుతురు కొలత) మించిన వెలుతురు మంచిది కాదు, ఎండ అసలు తగలకూడదు. ప్రతి బొమ్మ కిందా బల్ల మీద దాని దిమ్మనో పలకనో, పెన్సిల్ రాతలున్న ఆ ప్రూఫులనూ పెట్టండి. మామూలు ప్రేక్షకులు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. ‘ఇది ఎలా చేశారు?’ అన్న ప్రశ్నకు జవాబు కళ్లెదుటే ఉంటుంది. జంటలో ఎవరో ఒకరు రోజూ కొంతసేపు అక్కడ ఉండేలా వంతులు వేసుకోండి.

ప్రదర్శన ముగిశాక విభాగం సెట్టు వెడల్పాటి సొరుగులో పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే కాగితాలు వంగుతాయి. ఏ పెట్టె ఎవరి దగ్గర ఉందో ఒక రిజిస్టర్‌లో రాయండి. ఎవరైనా తమది ఇంకొకరికి ఇచ్చినా, అమ్మినా తెలియజేయమని అడగండి. దిమ్మలూ పలకలూ కళాకారులకు తిప్పి పంపండి. వద్దన్నవాళ్లవి, బొమ్మ మీదుగా ఒక గీత గీసి రద్దు చేశాక, కొత్తగా చేరే బ్యాచ్ చేతికి ఇచ్చి చూపించడానికి విభాగంలోనే ఉంచుకోవచ్చు.