ఎకరం, రెండెకరాల మిర్చి: ఏరిన రోజు నుంచి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికొచ్చే దాకా

రెండేళ్ల కింద మా ఊరి రైతులం కొందరం అరకు వైపు కాఫీ తోటలు చూసొచ్చాం. వరంగల్ ఎండలో కాఫీ పండదు, ఆ సంగతి తెలిసే వెళ్లాం, సగం తిరుగుడు కోసమే అనుకోండి. అక్కడి రైతుకు కూడా మనలాగే ఎకరం, రెండెకరాలు. కానీ మేం చూసిన తోటల్లో ఎర్రగా పండిన కాయే తెంపుతున్నారు, పచ్చిది ముట్టట్లేదు, నేల మీద కాకుండా మంచెల మీద ఆరబోస్తున్నారు, పైగా నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగ పాకించి ఇంకో పంట తీస్తున్నారు. 2019లో అరకు అరబికా కాఫీకి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా మాటలన్నీ మిర్చి మీదే, ఎందుకంటే ఆరు నెలలు చేను మీద ప్రాణం పెట్టే మనం ఏరిన తర్వాత ఇరవై రోజులు ఒళ్లు వంచక ధర పోగొట్టుకుంటున్నాం.

కాబట్టి విత్తనం, నారు, మందులు పక్కన పెట్టి ఆ ఇరవై రోజుల సంగతే రాస్తాను.

ముందు ఏరడం. కూలీలు దొరకరని చేనంతా ఒకేసారి ఏరిస్తే పచ్చికాయ, దోరకాయ, పండుకాయ కలిసిపోతాయి. తర్వాత ఎంత ఆరబెట్టినా ఆ రంగు కలవదు. పండింది పండినట్టు విడతలుగా ఏరించండి, కూలి ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. మందు కొట్టిన మర్నాడే ఏరించకండి, డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. ఏరిన కాయను నేరుగా ఎండలో పోయకుండా ఒకటి రెండు రోజులు నీడలో కుప్పగా ఉంచితే దోరగా ఉన్నవి కూడా ఎరుపు తిరుగుతాయి.

ఇక కల్లం. మట్టి మీద, రోడ్డు మీద పోయడం మానేయండి. దుమ్ము, రాళ్ల సంగతి అటుంచండి, నేల తేమ కాయకు ఎక్కితే బూజు పడుతుంది, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ దేశాలు కిలో మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకును రానివ్వవు. మన కాయ యూరప్ పోతుందా అని నవ్వకండి, ఎగుమతికి కొనేవాడు వేలం పాటలోకి దిగితేనే మిగతావాళ్లు కూడా నాలుగు రూపాయలు ఎక్కువ పాడతారు. మంచి టార్పాలిన్ పట్టా కొనండి, లేదా నలుగురు కలిసి సిమెంటు కల్లం వేసుకోండి. పలచగా పరచి రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయండి. సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి, ఈ ఒక్క పని బద్ధకించిన రాత్రే మంచు కురుస్తుంది. మా బాపు ఒక ఏడాది పెళ్లికి పోయి కప్పడం మరిచాడు, తెల్లారి చూస్తే పైపొర కాయ తెల్లబడింది, ఆ ఏడాది మాకు కట్నం పెట్టినంత నష్టం.

ఎండిందా లేదా అని చూడటానికి గుప్పెడు కాయలు తీసుకుని ఊపండి, గింజ గలగలమనాలి. కాయ లోపలి తేమ 10, 11 శాతానికి రావాలి. తేమ కొలిచే మీటరు ఒక్కొక్కరు కొననవసరం లేదు, ఊరికొకటి చాలు. అతిగా ఎండితే కాయ విరిగి పొడి రాలుతుందని సంచి నింపే ముందు నీళ్లు చల్లే అలవాటు చాలా మందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. బూజు మొదలయ్యేది అక్కడే, మార్కెట్లో చెయ్యి పెట్టి చూసేవాడికి ఆ తడి ఇట్టే తెలుస్తుంది.

తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, విడిగా తీయండి. బస్తా అడుగున పెట్టి పైన ఎర్రకాయ కప్పితే ఎవరూ మోసపోరు, కొనేవాళ్లు బస్తా మధ్యలోంచి లాగి చూస్తారు, చూశాక మొత్తం లాటుకు తాలు లెక్కలోనే ధర కడతారు. తాలును తాలుగానే అమ్ముకుంటే ఎర్రకాయ ధర నిలబడుతుంది. యూరియా సంచుల్లో మాత్రం నింపొద్దు, శుభ్రమైన గోనె సంచులే వాడండి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. పేపర్లో వచ్చే జెండా పాట ఆ రోజు వచ్చిన వాటిలో మేలైన లాటుకు పలికిన ధర, మీ ధర కాదు. మీలాంటి సరుకు ఎంతకు పోతోందో నిన్న అమ్మినవాణ్ణి అడిగి తెలుసుకోండి. కాంటా దగ్గర మీరే నిలబడండి, తరుగు పేరుతో కిలోలు తీస్తుంటే ఎందుకని అడగండి, తక్‌పట్టీ లేకుండా యార్డు దాటకండి.

ధర బాగాలేదు, కోల్డ్ స్టోరేజీలో పెడదామా? ఇక్కడే చాలా మంది లెక్క తప్పుతారు. మాటవరసకు క్వింటా 14,000 ఉందనుకోండి. మీ అప్పు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీది అయితే ఆరు నెలలకు క్వింటా మీద 1,680 వడ్డీ. అద్దె, హమాలీ, బండి కలిపి ఒక 500 వేసుకోండి, ఆరి తగ్గే తూకం రెండు కిలోలు, అంటే ఇంకో 300 పైచిలుకు. ధర 16,500 అయితే గానీ మీరు పెట్టిన చోటికి రారు. అదే అప్పు ఏడాదికి 7 శాతం బ్యాంకుదైతే వడ్డీ 490 మాత్రమే, 15,300 దగ్గరే గట్టెక్కుతారు. అంటే దాచాలా అమ్మాలా అనేది చెప్పేది మార్కెట్ కాదు, మీ వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు కనీసం ఆ అప్పుకు సరిపడా బస్తాలు వెంటనే అమ్మేసి మిగిలినవి మాత్రమే దాచుకోవడం మేలు. ఇంట్లో దాచడం మాత్రం వద్దు, వేసవిలో రంగు దిగిపోతుంది.

కౌలు రైతుకు ఒంటరిగా వెళ్తే బ్యాంకు అప్పు దొరకడం కష్టం, అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర తెస్తాడు, తెచ్చాక సరుకు ఆయన దుకాణానికే పోవాలి, బేరం నోరు అప్పుడే మూసుకుపోతుంది. దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే, నలుగురి నుంచి పది మంది దాకా కలిసి జేఎల్‌జీ, అంటే ఉమ్మడి పూచీ సంఘం పెట్టుకుని బ్యాంకుకు వెళ్లడం. భూమి కాగితం లేకపోయినా ఒకరికొకరు పూచీ ఉంటారు. బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది, అబద్ధం ఎందుకు, చాలాసార్లు తిరగాలి. అందుకే వానాకాలం ముందే మొదలుపెట్టండి. అందులో మాట నిలబెట్టుకోని వాణ్ణి చుట్టమైనా చేర్చుకోకండి.

చపాటా వేసేవాళ్లకు ఇంకో మాట. కొందరు టమాటా మిర్చి అంటారే, అదే. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ చపాటాకు జీఐ వచ్చింది. వచ్చింది కదా అని ధర దానంతటదే పెరగదు. ఆ పేరు వాడుకోవాలంటే రైతు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఒంటరిగా ఈ కాగితాల పని కష్టం, మీ దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే వాళ్ల ద్వారా వెళ్లండి.

మందుల గురించి రాయనన్నాను గానీ ఒక్క ముక్క. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు భయంతో కనబడ్డ మందల్లా కలిపి కొట్టాం, మిత్రపురుగులూ పోయాయి, అప్పూ పెరిగింది. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో వేసి, నీలం జిగురు అట్టలు కట్టి, పురుగు పూలలో దాక్కుంటుంది కాబట్టి రోజూ పది చెట్ల పూలు అరచేతిలో దులిపి చూసుకున్నాకే స్ప్రేయరు భుజానికెత్తండి. మిర్చి తీసిన చేనులో మళ్లీ మిర్చే వేయకండి.