కొత్త క్లౌన్ ఫిష్‌కి తెల్ల చుక్కలు: నాకు పనిచేసింది ఇదీ

తెచ్చిన నాలుగో రోజుకే తోక మీద, రెక్కల మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది. మెరైన్ ఇక్ అన్నమాట, అంటే ఒక పరాన్నజీవి వల్ల ఉప్పునీటి చేపలకు వచ్చే తెల్ల చుక్కల జబ్బు. వెల్లుల్లి మేత, 'రీఫ్ సేఫ్' (పగడాలకు హాని చేయదని అమ్మే) మందు, నీళ్ల వేడి పెంచడం, ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది బకెట్లు మార్చడం. ఆ పరాన్నజీవి చేప మీంచి రాలి అడుగున తిత్తి కట్టుకుంటుంది. మూడు రోజులు దాటితే గానీ తిత్తిలోంచి పిల్లలు రావు. ఆలోపే చేపను తీసేయాలి.

20 లీటర్ల బకెట్లు రెండు, దేనికి దానికి హీటర్, గాలి బుడగలకు ఎయిర్ స్టోన్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క పెట్టాను. కొత్త ఉప్పునీళ్లు సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, రెండు బకెట్లలోనూ ఒకేలా. 1వ రోజు మొదటి బకెట్లోకి, తర్వాత 4, 7, 10 రోజుల్లో బకెట్ మార్చాను, 72 గంటలు దాటనివ్వకుండా. పాత నీళ్లు వీలైనంత తక్కువ వెంట వెళ్లాలి. ఖాళీ అయిన బకెట్, వల, పైపు, అన్నీ వేడినీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాను. ఫిల్టర్ లేదు కాబట్టి మేత కొంచెమే, రోజూ అమ్మోనియా టెస్ట్.

ఆరో రోజుకే చుక్కలు పోయాయి. అక్కడ ఆపకండి, అవి రాలాయంతే. 13వ రోజు వేరే శుభ్రమైన తొట్టిలోకి మార్చాను. అసలు తొట్టిలో మిగిలిన పరాన్నజీవులు చేప దొరక్క చచ్చిపోవాలని దాన్ని 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను.

నాది ఒక్క చిన్న చేప. పెద్దవి ఇన్ని మార్పులు తట్టుకుంటాయని చెప్పలేను. చుక్కలు సన్నటి పొడిలా ఉండి, చేప ఎగశ్వాస తీస్తుంటే అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి జబ్బు కావచ్చు. దానికి ఇది నమ్ముకోకండి, ఆలస్యం చేయకుండా రాగి మందు గురించి తెలిసినవాళ్లను అడగండి.