బర్రె చొంగ కారుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టకండి

దేవరకొండ అయినా అచ్చంపేట అయినా, బర్రె మేత మానేసి చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. దయచేసి ఆ పని చేయకండి. రేబిస్ వచ్చినా అచ్చం ఇలాగే ఉంటుంది. గొంతు చచ్చుబడి మింగలేదు, అరుపు బొంగురుపోతుంది, ఊరికే ముక్కుతుంది. కొన్ని కుమ్మడానికి వస్తే కొన్ని మూగగా పడి ఉంటాయి. కుక్క కరవడం ఎవరూ చూడలేదు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు, కరిచిన నెలల తర్వాత కూడా బయటపడుతుంది. చొంగ తగిలిన చోట సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మూల నక్కి, దగ్గరికెళ్తే మీద పడే పిల్లినీ పట్టుకోవద్దు, దానికీ రేబిస్ ఉండొచ్చు.

పశువును విడిగా కట్టేసి, దూరం నుంచే ఫోన్‌లో వీడియో తీసి, పశువుల హెల్ప్‌లైన్ 1962కి గానీ మీ పశువైద్యశాలకు గానీ ఫోన్ చేయండి. ఎప్పుడు మొదలైంది, ఎటు వైపు తిరుగుతోంది, ఏం మేపారు అన్నవి డాక్టర్ అడుగుతారు.

తలకు సంబంధించిన లక్షణాలన్నీ రేబిస్ కావు. బర్రెల్లో కుట్టే ఈగలు అంటించే సర్రా జబ్బు ఉంటుంది, పాడైన సైలేజీ (పాతరేసిన పచ్చిమేత) తింటే లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, రెండింటికీ తొందరగా పట్టుకుంటే మందుంది. గొర్రె తల వంచి ఒకే వైపు గిరగిరా తిరుగుతూ మందలో వెనకబడితే మెదడులో నీటి తిత్తి ఉండొచ్చు. ఆ తిత్తి కుక్క కడుపులోని బద్దెపురుగు గుడ్ల నుంచి వస్తుంది, కుక్కకేమో తిత్తి ఉన్న తలకాయ తింటే వస్తుంది. అందుకే చచ్చిన జీవం తలను కుక్కలకు వేయకుండా లోతుగా పూడ్చాలి, మంద కుక్కకు డాక్టర్ చెప్పినట్టు పురుగుల మందు వేయించాలి.

అసలు పని చెడేది పశువు చచ్చాక. వెంటనే పూడ్చేస్తాం, ఏ జబ్బో ఎవరికీ తెలియదు. బతికుండగా రేబిస్ ఖాయంగా తేల్చడం కష్టం, మెదడు ల్యాబ్‌కు వెళ్లాల్సిందే. మీరు కోయొద్దు, నీడకు లాగి, కుక్కలు రాకుండా కాపలా ఉండి, డాక్టర్‌ను పిలవండి. మన ఎండల్లో మెదడు గంటల్లోనే కుళ్లిపోతుంది, కాబట్టి ఐస్ తెప్పించి పెట్టండి. రేబిస్ పరీక్షకు పచ్చి ముక్క ఐస్‌లో, మైక్రోస్కోప్ కింద చూడటానికి ఇంకో ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందులో వెళ్తాయి.

బ్రిటన్‌లో 1986లో మెదడును పాడుచేసే పిచ్చి ఆవు వ్యాధి దొరికింది ఇలా చచ్చిన ఆవుల మెదడు చూడబట్టే. పశువుల మాంసం, ఎముకల పొడి కలిపిన దాణాతో అది పాకింది, 1990లో పెంపుడు పిల్లిలో కనిపించింది, 1996లో మనుషులకూ సోకుతోందని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. మన దేశానికి దాని ముప్పు అతి తక్కువని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఆ మాట నిలబడాలంటే మెదడు నమూనాలు ల్యాబ్‌కు వెళ్తూ ఉండాలి. పెద్ద పశువు నరాల లక్షణాలతో చచ్చి, రేబిస్ కాదని తేలితే, పిచ్చి ఆవు వ్యాధి పరీక్షకూ పంపమని అడగండి.

రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా పాలు పిండినవాళ్లు, పచ్చి పాలు తాగినవాళ్లు, చొంగ తుడిచినవాళ్లు ఎవరెవరో కాగితం మీద రాసి ఆసుపత్రిలో చూపించండి. అదే కుక్క కరిచిన మిగతా పశువులకు 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు పడాలి.