క్రెడిట్ కార్డు బిల్లులో అనుకోని వడ్డీ, లేటు ఫీజు: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

బిల్లు ఒక్కసారిగా పెరగ్గానే చాలామంది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఇంత ఎందుకు వేశారు" అని అడుగుతారు. "రూల్స్ ప్రకారమే వేశాం సార్" అన్న జవాబుతో ఫోన్ అయిపోతుంది. అంతకంటే ముందు స్టేట్‌మెంటు పీడీఎఫ్ తెరవండి. ఈ నెలది ఒక్కటే చాలదు, దానికి ముందు రెండు నెలలవీ కావాలి. స్టేట్‌మెంటు తేదీ, గడువు తేదీ, మొత్తం బాకీ, మీ డబ్బు జమైన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత 'ఫైనాన్స్ ఛార్జెస్' అని ఉన్న వరస చూడండి, వడ్డీ అంటే అదే. 'లేట్ పేమెంట్ ఛార్జెస్' వేరే వరస. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ పడుతుంది. వడ్డీకి వర్తించే నిబంధనలు లేటు ఫీజుకు వర్తించవు. అందుకే రెండూ కలిపి ఫిర్యాదు చేస్తే దేనికీ తిన్నగా జవాబు రాదు.

సమస్య: వడ్డీ రేటే పెరిగింది

నిన్నటిదాకా నెలకు 3.5 శాతం, ఇప్పుడు 3.75 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నూటికి మూడు ముప్పావు రూపాయలు, జీఎస్టీ కలిపితే నూటికి నాలుగు రూపాయల నలభై పైసలకు పైనే. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే వెనకాడేవాళ్లం దీన్ని గమనించకుండా కట్టేస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది, నిజంగా రేటు మారిందా లేదా అని. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, దానికి వడ్డీ లేని గడువంటూ ఉండదు, పైగా విడిగా ఫీజు ఉంటుంది. తక్కువ వడ్డీకి పెట్టుకున్న ఈఎంఐ వాయిదా ఒకటి తప్పితే ఆ మొత్తానికి మామూలు రేటు పడుతుంది. ఈ రెండూ రేటు పెరిగినట్టే కనిపిస్తాయి.

నిజంగానే పెరిగితే, రేటు ఎక్కువైందని వాదించి లాభం లేదు. ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మీకు పట్టు దొరికేది నోటీసు దగ్గర. ఆర్‌బీఐ క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి, మార్పు ఆ తర్వాతి రోజులకే వర్తించాలి. వెనక్కి లెక్కగట్టడం కుదరదు. మెయిల్‌లో, స్పామ్‌లో, ప్రమోషన్స్‌లో, పాత ఎస్ఎంఎస్‌లలో ఆ నోటీసు కోసం వెతకండి. కనిపించకపోతే "ఏ తేదీన, ఏ మెయిల్‌కి పంపారో కాపీ ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగండి. నోటీసు వచ్చి, ఆ మార్పు మీకు నష్టమనిపిస్తే బాకీలన్నీ తీర్చి కార్డు మూసేయవచ్చు, అందుకు అదనంగా రుసుము అడగకూడదు. బాకీ తీరాక మూసివేతను ఏడు పనిదినాల్లో పూర్తి చేయాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు రూ.500 ఇవ్వాలి.

సమస్య: ఆరు రోజులే ఆలస్యం, వడ్డీ వేలల్లో

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. గడువు తేదీ నుంచి వడ్డీ మొదలవుతుందని అనుకుంటాం. గడువులోగా మొత్తం బిల్లు కట్టకపోతే వడ్డీ లేని కాలం రద్దవుతుంది, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

మే 10న రూ.40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. జూన్ 5న బిల్లు, జూన్ 25 గడువు. మరిచిపోయి జూలై 1న మొత్తం కట్టారు. మే 10 నుంచి జూలై 1కి 52 రోజులు. లెక్క ఇలా: బాకీ × రోజులు × నెల రేటు × 12, దాన్ని 36,500తో భాగించాలి. రేటు 3.75 అయితే (12తో గుణిస్తే 45) 40,000 × 52 × 45 ÷ 36,500 = రూ.2,564. జీఎస్టీతో రూ.3,026. లేటు ఫీజు దీనికి అదనం. మీ బిల్లుకూ ఇదే లెక్క వేయండి. ఒక రోజు వడ్డీ అంత తేడా ఉంటే సరే. వందల్లో తేడా వస్తే రెండు చోట్ల చూడండి. మీరు మధ్యలో కట్టింది, వెనక్కి వచ్చిన రీఫండ్ తీసేశాక మిగిలిన బాకీ మీదే వడ్డీ వేశారా? పాత లేటు ఫీజు, జీఎస్టీల్ని అసలులో కలిపి వాటి మీద కూడా వడ్డీ వేశారా? ఇలా కలపడాన్ని ఆర్‌బీఐ నిషేధించింది.

సమస్య: పూర్తిగా కట్టేశాక కూడా వచ్చే నెల వడ్డీ

ముందు నెల బాకీ మిగిల్చి ఈ నెల తీర్చినవాళ్లకు ఇది తప్పదు. జూలై 5 స్టేట్‌మెంటు ఆ రోజు వరకే వడ్డీ చూపిస్తుంది. మీరు జూలై 20న కడితే మధ్యలోని 15 రోజుల వడ్డీ ఆగస్టు బిల్లులో తేలుతుంది. రూ.38,000 అసలు మీద, అదే 3.75 రేటుకు, అది రూ.703, జీఎస్టీతో రూ.829. ఇది మోసం కాదు. అయితే ఆ కొద్ది మొత్తాన్ని "అంతా కట్టేశాను కదా" అని వదిలేస్తే దాని మీద లేటు ఫీజు పడుతుంది. బాకీ తీర్చిన నెల, దాని తర్వాతి నెల కార్డు వాడకండి. పాత బాకీ ఉండగా కొన్న కొత్త వస్తువుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీ వరసలో సున్నా కనిపించిన స్టేట్‌మెంటు వచ్చాకే మళ్లీ వాడండి.

సమస్య: టైముకే కట్టాను, అయినా లేటు ఫీజు

గడువు దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేటు ఫీజు వేయాలి, అప్పుడే క్రెడిట్ బ్యూరోకు (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థకు) చెప్పాలి. గడువు 25 అయితే 28లోగా జమైనదానికి లేటు ఫీజు చెల్లదు. అది పడితే డబ్బు కట్టిన యూటీఆర్ నంబరు (బ్యాంకు చెల్లింపుకు వచ్చే గుర్తింపు నంబరు), జమైన తేదీ పెట్టి వెనక్కి అడగండి. ఈ మూడు రోజుల వెసులుబాటు వడ్డీకి లేదు. దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయవద్దు.

ఇంకో కారణం ఆటో డెబిట్, అంటే బిల్లు డబ్బు ఖాతా నుంచి దానంతటదే వెళ్లే ఏర్పాటు. చాలా కార్డుల్లో అది 'మినిమమ్ డ్యూ'కి (బిల్లులో కనీసం కట్టాల్సిన భాగానికి) పెట్టి ఉంటుంది, సెట్టింగ్స్‌లో 'టోటల్ డ్యూ'కి (మొత్తం బిల్లుకు) మార్చుకోండి. మినిమమ్ కడితే లేటు ఫీజు మాత్రమే ఆగుతుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఖాతాలో డబ్బు లేక డెబిట్ తిరిగిపోతే కార్డు కంపెనీ ఒక ఛార్జీ, మీ బ్యాంకు ఇంకో ఛార్జీ వేయవచ్చు. జీతం ఒకటో తేదీన వచ్చి, గడువు నెలాఖరున ఉండేవాళ్లు బిల్లింగ్ సైకిల్ (బిల్లు తయారయ్యే తేదీల లెక్క) మార్చమని అడగాలి. కనీసం ఒకసారి ఆ అవకాశం ఇవ్వాలన్నది నిబంధన.

రీఫండ్ వచ్చినా ఫీజు పడిందా? గడువుకు ముందే వచ్చిన రీఫండును కట్టాల్సిన మొత్తంలో వెంటనే సర్దాలి, మీకు తెలియజేయాలి. అలా జరగకపోతే తప్పు వాళ్లదే.

వెనక్కి అడగడం ఎలా

ఫోన్ కంటే మెయిల్ మేలు, తేదీతో సాక్ష్యం మిగులుతుంది. పొడుగ్గా రాయొద్దు. "జూలై 5 స్టేట్‌మెంటులో ఫలానా లేటు ఫీజు వేశారు. గడువు జూన్ 25, జూన్ 27న మొత్తం జమైంది, యూటీఆర్ ఇది. ఫీజు, దాని జీఎస్టీ వెనక్కి జమ చేయండి" అంటే చాలు. ఫిర్యాదు నంబరు దాచుకోండి. తప్పు మీదే అయితే ఒప్పుకుని, మొదటిసారి కదా తీసేయమని అడగండి. లేటు ఫీజు చాలాసార్లు తీసేస్తారు, వడ్డీ అంత తేలిగ్గా వదలరు. వివాదంలో లేని మొత్తాన్ని మాత్రం గడువులోగా కట్టేయండి, లేకపోతే గొడవ తేలేలోపు మళ్లీ ఫీజు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. దీనికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా చెప్తారు.

బాకీ పెద్దదై ఒక్కసారి తీర్చలేని పరిస్థితి ఉంటే మినిమమ్ కడుతూ నెట్టుకు రావడం అన్నిటికన్నా ఖరీదైన దారి. బాకీని ఈఎంఐగా మార్చమని అడిగి, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి నిజంగా ఎంత రేటు పడుతుందో లెక్క చూడండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకు గోల్డ్ లోన్ తీసుకుని కార్డు తీర్చేయడం చాలా చవక. కానీ అదే నెలలో కార్డు మళ్లీ గీకితే రెండు అప్పులవుతాయి.

చివరగా క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. తప్పుగా 'ఆలస్యం' అని నమోదైతే బ్యాంకుకూ, బ్యూరోకూ దిద్దమని రాయండి. 30 రోజులు దాటినా ఫిర్యాదు పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ రూ.100 పరిహారం మీకు రావాలి.