క్యాన్సర్ రోగి తేదీ తప్పకుండా చూడటం ఎలా: పేషెంట్ నావిగేటర్ పనికి ఒక గైడ్

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి మొదటి కీమో ఎక్కే రోజు దాకా ఒక మనిషి మామోగ్రామ్, బయాప్సీ, ఐహెచ్‌సీ (తీసిన ముక్క మీద క్యాన్సర్ రకం తేల్చే పరీక్ష), స్కానింగ్, రక్త పరీక్షలు, గుండె ఎకో, ట్యూమర్ బోర్డు (అన్ని విభాగాల డాక్టర్లు కూర్చుని చికిత్స తేల్చే సమావేశం), ఆరోగ్యశ్రీ అనుమతి దాటాలి. ఒక్కోటి ఒక్కో బ్లాకులో, ఒక్కో రోజున ఉంటుంది. ఏ రెండింటి మధ్యనైనా రోగి జారిపోవచ్చు. ఆ సందును కాపలా కాసే మనిషే పేషెంట్ నావిగేటర్.

ఈ పనికి ఒక రూపం ఇచ్చింది డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్. న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో ఆయన సర్జన్. పేద నల్లజాతి మహిళలు రొమ్ము క్యాన్సర్ బాగా ముదిరాక రావడం చూసి, 1990లో అక్కడ మొదటి నావిగేషన్ కార్యక్రమం పెట్టారు. మన దేశంలో ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ‘కేవట్’ పేరుతో దీనికి శిక్షణ ఇస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోని ఆరోగ్యమిత్రలు ఇందులో కొంత పని చేస్తారు కానీ, వాళ్ల పని ప్రధానంగా పథకం కాగితాల చుట్టూ తిరుగుతుంది. మిగతాది ఆసుపత్రి సోషల్ వర్కర్ మీదో, ఆశా కార్యకర్త మీదో, ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చిన మేనల్లుడి మీదో పడుతుంది. ఈ గైడ్ వాళ్ల కోసం.

పనంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: చేతిలో తర్వాతి తేదీ లేకుండా రోగి ఆసుపత్రి గేటు దాటకూడదు. ‘రిపోర్టు వచ్చాక రండి’ అనేది తేదీ కిందికి రాదు. రిపోర్టు ఏ రోజు వస్తుంది, ఎవరు తెస్తారు, తెచ్చి ఎవరికి ఏ ఓపీలో ఎన్ని గంటలకు చూపించాలి, ఇవన్నీ తేలాకే బస్సెక్కించండి.

మొదటి రోజు అడగాల్సినవి

జబ్బు గురించి డాక్టర్లు అడుగుతారు. మీరు ఇల్లు గురించి అడగండి. తోడు ఎవరొస్తారు? వాళ్లకు కూలి పోతే ఇల్లెలా గడుస్తుంది? పిల్లల్ని, పశువుల్ని ఎవరు చూస్తారు? ఇంటి నుంచి ఆసుపత్రికి ఎన్ని బస్సులు మారాలి? చదవడం వచ్చా? ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? చివర్లో ఇది తప్పక అడగండి: ‘వచ్చే వారం మీరు రాలేకపోతే ఏ కారణం వల్ల రాలేకపోతారమ్మా?’ ‘వస్తారా’ అని అడిగితే అందరూ ‘వస్తాం’ అనే అంటారు. ఇలా అడిగితే నాట్లు, కూతురి కాన్పు, అప్పిచ్చినవాడు, మొగుడి తాగుడు బయటికొస్తాయి. ఆ కారణాన్ని రిజిస్టర్లో రాసి, ముందు దాని సంగతి చూడండి.

రిజిస్టర్ ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. పేరు, ఆసుపత్రి నంబరు, రెండు ఫోన్ నంబర్లు (ఒకటి పక్కింటివాళ్లదైనా సరే), ఊరి ఆశా నంబరు, రిపోర్టులో ఉన్నది ఉన్నట్టుగా జబ్బు పేరు, అయిన పరీక్షలు, కావాల్సినవి, తర్వాతి తేదీ. తేదీకి రెండు రోజుల ముందు ఒక ఫోన్. రాకపోతే ఆ సాయంత్రమే ఇంకో ఫోన్. మూడుసార్లు చేసినా పలక్కపోతే ఆశాను ఇంటికి పంపమని అడగండి. ఈ లోపు పేరు కొట్టేయకండి.

బయాప్సీ దగ్గర జరిగే తప్పులు

ఆలస్యాల్లో పెద్దవి ఇక్కడే పుడతాయి కాబట్టి దీనికి ఎక్కువ టైము పెట్టండి. చిన్న నర్సింగ్ హోంలో గడ్డ తీసి, ముక్కను సీసాలో వేసి, ‘సిటీలో ల్యాబ్‌కి ఇవ్వండి’ అని ఇంటివాళ్ల చేతికే ఇవ్వడం మామూలే. ఆ సీసాలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) ఉండాలి, అదీ ముక్కకు పది రెట్లు. సెలైన్‌లో వేస్తే కణాలు చెడిపోతాయి. ఫార్మలిన్ తక్కువైతే ముక్క లోపలి భాగం కుళ్లుతుంది. రొమ్ము ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఇది తప్పితే హార్మోన్ రిసెప్టర్ (హార్మోన్ మాత్ర పనిచేస్తుందని చెప్పే గుర్తు) ఉన్నా లేదని రిపోర్టు రావచ్చు, అప్పుడు ఆమెకు పనిచేసే మాత్రే అందకుండా పోతుంది. పేరు, వయసు, ఏ వైపు రొమ్ము, తీసిన తేదీ, గంట, అన్నీ సీసా ఒంటి మీద రాయించండి. మూత మీద రాస్తే ల్యాబ్‌లో మూతలు మారిపోయే ప్రమాదం ఉంది.

గడ్డ తీసేశారు, పరీక్షకు పంపలేదు అని ఎవరైనా చెబితే అదే రోజు ఆ ఆసుపత్రికి ఫోన్ చేయించండి. ముక్క ఇంకా అక్కడ ఉండొచ్చు.

రిపోర్టు వచ్చాక కాగితం ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. ముక్కను దాచిన మైనం బ్లాకులు, దాని పల్చటి పొరలున్న గాజు స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి రాసిచ్చి తీసుకోవాలి. పెద్ద ఆసుపత్రిలో రివ్యూకీ ఐహెచ్‌సీకీ అవే ఆధారం. బ్లాకు మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనా అని అక్కడే చూడండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, మైనం మెత్తబడుతుంది. కొత్త ఆసుపత్రిలో ఇచ్చేటప్పుడు ఎన్ని బ్లాకులు, ఎన్ని స్లైడ్లు ఇచ్చారో రసీదు తీసుకోండి. రొమ్ము క్యాన్సర్లో ఈఆర్, పీఆర్ (ఇవి రెండూ హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 (కణం మీది ఇంకో ప్రొటీన్) మూడింటి ఫలితాలూ రావాలి. హెర్2 దగ్గర ‘2+’ అని ఉంటే అది తేలనట్టు. ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి, దాన్ని డాక్టరు రాసే దాకా వదలకండి.

పేర్లు, కార్డులు, డబ్బు

బయాప్సీ రిపోర్టులో ‘లక్ష్మి, 45’. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ‘వెంకట లక్ష్మి’, వయసు 51. ఆన్‌లైన్ అనుమతి దగ్గర ఈ తేడా ఫైలును ఆపేస్తుంది. అందుకే మొదటి రక్త పరీక్ష చీటీ నుంచే ఆధార్‌లో ఎలా ఉంటే అలా రాయించండి. తేడా కనబడితే ఆ వారంలోనే ల్యాబ్‌లో దిద్దించండి. నెల తర్వాత వెళితే ఎవరూ సంతకం పెట్టరు.

ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో 104కి, ఆయుష్మాన్ భారత్ గురించి 14555కి ఫోన్ చేసి ముందే కనుక్కోండి. ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన రోగికి కావాల్సిన ప్యాకేజీ కూడా ఉన్నట్టు కాదు. సర్జరీ ఒక చోట, రేడియేషన్ మరో చోట చేయించుకోవాల్సి రావచ్చు. అలాంటప్పుడు మొదటి చోటి డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ కాపీ లేకుండా రెండో చోటికి పంపొద్దు. ముఖ్యమంత్రి సహాయ నిధికి చికిత్సకు ముందైతే ఎల్‌ఓసీ (ఖర్చుకు ప్రభుత్వం ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కోసం, అయిపోయాకైతే ఒరిజినల్ బిల్లులతో దరఖాస్తు పెడతారు. ఒరిజినల్స్ ఇచ్చే ముందు రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. రైల్లో వచ్చేవాళ్లు ఆసుపత్రి నుంచి రైల్వే నమూనాలో సర్టిఫికెట్ రాయించుకుంటే స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రోగికి టికెట్ ఉచితం, తోడొచ్చేవాళ్లకు కూడా రాయితీ ఉంది. ఇది తెలియక టికెట్ కొనుక్కుని తిరిగేవాళ్లు చాలామంది.

నావిగేటర్ రోగి డబ్బు ముట్టకూడదు. ఫలానా ఆసుపత్రికి పంపితే కమీషన్ ఇస్తామనేవాళ్లు తప్పక ఎదురవుతారు. ఒకసారి తీసుకుంటే ఆ తర్వాత మీరు ఏ సలహా ఇచ్చినా దాని వాసన వస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో నావిగేటర్ బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లందరూ ఈ పని చేస్తున్నట్టు కాదు. రెండో అభిప్రాయం కోసం బ్లాకులు అడిగి చూడండి. మారు మాట్లాడకుండా ఇప్పించేవాడు నావిగేటర్, నసిగేవాడు మార్కెటింగ్.

కీమో మొదలయ్యాక

ఎక్కువ కీమోలు 21 రోజులకొకటి ఉంటాయి. ముందు రోజు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి రమ్మని చెప్పండి. సాధారణంగా న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 1500, ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గితే డాక్టరు వాయిదా వేసే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ఊళ్లోనే తెలిస్తే ముందే ఫోన్లో అడగొచ్చు, రాత్రంతా బస్సులో వచ్చి వెనక్కి పోయే బాధ తప్పుతుంది. ‘ఎర్ర మందు’ అని అందరూ పిలిచే డాక్సోరూబిసిన్‌కు ముందు ఎకో ఉండాలి. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే, రక్తం పోతోందని భయపడి రెండో కీమోకు రారు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లయితే మొదటి కీమోకు ముందే డాక్టరు దగ్గర ఆ మాట ఎత్తండి. మొదలయ్యాక అడిగితే చాలాసార్లు ఆలస్యమే.

జ్వరం గురించి ఇంట్లో ఇద్దరికి చెప్పాలి, రోగికి ఒక్కరికే కాదు. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు అడుగంటుతాయి. అప్పుడు ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, ఇంజెక్షన్‌తో ఒక రాత్రి గడిపేయడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. ఆ ఆర్‌ఎంపీ ఫోన్ నంబరు కూడా రాసుకుని ఆయనకే మర్యాదగా చెప్పండి: ‘ఈమెకి కీమో నడుస్తోందండి, జ్వరమొస్తే ఏమీ ఇవ్వకుండా వెంటనే పంపించండి.’ శత్రువుని చేసుకోవడం కంటే ఇదే పనిచేస్తుంది. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే ఒకటి కొనిపించండి. చేతికి పిక్ లైన్ (మందు ఎక్కించడానికి నరంలో ఉంచిన సన్నని గొట్టం) ఉంటే వారానికోసారి ఫ్లష్ (గొట్టం మూసుకుపోకుండా కడగడం), డ్రెస్సింగ్ తప్పదు. దగ్గర్లో అది చేయడం వచ్చిన నర్సు ఎవరో ముందే వెతికి పెట్టండి.

నాటు మందు వాడుతున్నారా అని నవ్వకుండా అడగండి. వెక్కిరిస్తే దాచేస్తారు. వాడుతుంటే ఆ పొట్లం తెచ్చి డాక్టరుకు చూపించమనండి. కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి, అప్పుడు తప్పు కీమో మీదికి పోతుంది.

రేడియేషన్: రోజులు ఎగరగొట్టకూడదు

వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో బయటి రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆఖర్న బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్), మొత్తం 8 వారాల్లో ముగియాలి. సాగితే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. బయటి రేడియేషన్ అయిపోగానే నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి, ‘తగ్గిపోయింది’ అని ఇంటికెళ్లిపోతారు. బ్రాకీథెరపీకి తేదీ మొదటి వారంలోనే అడిగి పెట్టుకుంటే ఇది తప్పుతుంది. సంక్రాంతి, దసరా మధ్యలో పడుతున్నాయేమో చికిత్స మొదలవక ముందే క్యాలెండర్లో చూడండి. మెషిన్ చెడి రోజు పోతే ఆ రోజును ఎలా పూడుస్తారో డాక్టరును అడగండి.

నోరు, గొంతు క్యాన్సర్లో రేడియేషన్‌కు ముందు పళ్ల డాక్టరు చూడాలి. పీకాల్సిన పళ్లు పీకితే, పుండు మానడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఇది ఆఖరి నిమిషంలో గుర్తొస్తే ఆ రెండు వారాలూ చికిత్స ఆగుతుంది. వారానికోసారి బరువు చూడండి. తిండి కోసం ముక్కు గొట్టం వేయించుకోవడానికి ఒప్పుకోనివాళ్లు చిక్కిపోతారు, రేడియేషన్‌లో కదలకుండా ముఖానికి చేసిన మాస్క్ వదులైపోతుంది, మళ్లీ ప్లానింగ్ చేయాల్సి వస్తుంది. ఒంటి మీద పెట్టిన గుర్తుల్ని సబ్బుతో రుద్దొద్దని స్నానం చేయించేవాళ్లకు చెప్పండి. ఉండడానికి చోటు దొరక్కపోతే ఇదంతా వృథా. ఆసుపత్రి సోషల్ వర్క్ విభాగంలో ధర్మశాల, సత్రం గురించి మొదటి రోజే అడగండి.

ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

ఎన్నాళ్లు బతుకుతారు, ఏ మందు మంచిది అనేవి మీ నోట రాకూడదు. ‘ఈ ప్రశ్న కాగితం మీద రాసుకుందాం బాబాయ్, రేపు డాక్టరుగార్ని మనమే అడుగుదాం’ అని, నిజంగానే రాసి, లోపలికి వెళ్లి అడగండి. ‘మా నాన్నకి చెప్పొద్దండి’ అని కొడుకులు పక్కకి తీసుకెళ్తారు. వాళ్లతో వాదించకండి, రోగితో అబద్ధమూ ఆడకండి. ‘మీకు డాక్టరుగారు ఏం చెప్పారు పెద్దాయనా? ఇంకా ఏమైనా తెలుసుకోవాలనుందా?’ అని రోగినే అడగండి. చాలామందికి అప్పటికే తెలిసుంటుంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే కదా.

నొప్పిని చివరి దశ దాకా ఆపి ఉంచాల్సిన పని లేదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేంద్రాలు ఉన్నాయి. కీమో నడుస్తున్నవాళ్లూ అక్కడికి వెళ్లొచ్చు. మార్ఫిన్ రాసినప్పుడు విరేచనం మందు కూడా రాశారో లేదో చూడండి. అది లేకపోతే మలబద్ధకంతో వారంలో మార్ఫిన్ మానేస్తారు, ‘ఆ మందు పడలేదు’ అంటారు.

చికిత్స ముగిశాక పేరును రిజిస్టర్ రెండో భాగంలోకి మార్చండి. మొదటి రెండేళ్లు తనిఖీలు దగ్గర దగ్గరగా ఉంటాయి. హార్మోన్ మాత్ర వాడేవాళ్లకు నెలకో ఫోన్ పెట్టుకోండి. టామాక్సిఫెన్ అనే ఆ మాత్రను సాధారణంగా కనీసం ఐదేళ్లు రోజూ వేసుకోవాలి. మాత్రలు అయిపోయాయి, ఊళ్లో షాపులో లేవు, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసేవాళ్లు ఎక్కువ. ‘బాగున్నారా’ అని కాకుండా ‘పెట్టెలో ఇంకా ఎన్ని మాత్రలున్నాయి?’ అని అడగండి. ముట్లుడిగిన ఆవిడ అయితే, మళ్లీ రక్తం కనిపించిందా అని కూడా అడగండి. కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించాలి.